స్థలం సరే... చూసొచ్చేదెవరు?

విజయవాడ పటమటలో ఓ మధ్యతరగతి ఇల్లు. ఆదివారం మధ్యాహ్నం. భోజనాలయ్యాక, బెంగళూరు నుంచి వచ్చిన బావమరిది సెల్‌ఫోన్‌లో ఫొటోలు చూపిస్తున్నాడు. ఎర్రమట్టి నేల, దానిమీద తెల్లటి సున్నం గీతలు, దూరంగా ఓ సిమెంటు ఆర్చి.

'థర్టీ ఫార్టీ సైటు బావగారూ! ఇప్పుడు తీసుకోకపోతే మళ్లీ దొరకదు. మా ఆఫీసులో నలుగురు ఇప్పటికే అడ్వాన్సులిచ్చేశారు.'

బావగారు ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో లెక్చరరు. ఆవిడ ప్రభుత్వ పాఠశాలలో టీచరు. ఉంటున్నది తాతగారి నాటి పాత డాబా. పెళ్లయిన పన్నెండేళ్లలో ఇద్దరూ కలిసి కూడబెట్టింది 22 లక్షలు. ఆర్టీసీలో పనిచేసి రిటైరైన పెద్దాయన తన డబ్బులోంచి మరో 10 లక్షలు ఇస్తానన్నారు. అదీ పెట్టుబడి. పోతే మళ్లీ అంత పోగుచెయ్యడానికి ఆ ఇంట్లో ఎవరికీ వయసు సరిపోదు.

అప్పటికే టేబుల్ సొరుగులో రెండు బ్రోషర్లున్నాయి. ఒకటి కాలేజీలో తోటి లెక్చరరు ఇచ్చింది - హైదరాబాద్ శివార్లలో ఫ్లాటు. రెండోది వీధి చివర మందుల షాపాయన ఇచ్చింది - కంకిపాడు వైపు లేఅవుట్‌లో స్థలం. ఇప్పుడీ బెంగళూరు సైటు మూడోది. మూడూ బాగానే కనిపిస్తున్నాయి. మూడూ 'ఈ నెలాఖరు దాకానే ఈ రేటు' అంటున్నాయి.

పేపరు చదువుకుంటున్న పెద్దాయన తలెత్తి ఒకే మాట అడిగారు. 'అంతా బాగానే ఉందిగానీ, దాన్ని అప్పుడప్పుడూ చూసొచ్చేదెవరు?'

బావమరిది నవ్వాడు. 'స్థలాన్ని చూసేదేముంది మావయ్యగారూ! అదెక్కడికి పోతుంది?'

స్థలం ఎక్కడికీ పోదు, నిజమే. పోయేవి హద్దురాళ్లు.

మొదటిసారి ఆస్తి కొనేవాళ్లలో చాలామంది ఇక్కడే తేల్చుకోలేకపోతారు. ఉన్న ఊళ్లో కొనాలా? బాగా పెరుగుతుందనే పక్క రాష్ట్రంలో కొనాలా? ఎవర్ని అడిగినా రేటు ఎంత పెరుగుతుందన్న లెక్కే చెబుతారు. కొన్న తర్వాత దాన్ని కాపాడుకోవడానికి ఎంతవుతుందన్న లెక్క ఎవరూ చెప్పరు. బ్రోషర్లో అసలుండదు.

రాత్రికి రాత్రే పక్క రాష్ట్రం

మన తెలుగువాళ్లకి ఈ విషయంలో ఓ చిత్రమైన అనుభవం ఉంది. 2014 జూన్ 1 దాకా బెజవాడ నుంచో గుంటూరు నుంచో వెళ్లి కూకట్‌పల్లిలో ఫ్లాటు కొంటే సొంత రాష్ట్రంలోనే కొన్నట్టు. మర్నాడు తెల్లారేసరికి అదే ఫ్లాటు పక్క రాష్ట్రంలో ఉంది! ఇల్లు కదల్లేదు, రోడ్డు మారలేదు. ఆ తర్వాతే ఒక్కొక్కటిగా వేర్లు విడిపోయాయి. రెండు రిజిస్ట్రేషన్ల శాఖలు, రెండు రెరా సంస్థలు, రెండు రకాల భూమి రికార్డులు. ఆంధ్రలో అడంగల్ చూడ్డానికి 'మీభూమి'. తెలంగాణలో 2020 అక్టోబరులో 'ధరణి' వచ్చింది. దాని స్థానంలో 2025 ఏప్రిల్ 14న 'భూభారతి' వచ్చింది. అక్కడ పదేళ్ల కిందట కొన్నవాళ్లు కూడా ఈ మార్పులన్నిటినీ కనిపెట్టుకుని ఉండాల్సొచ్చింది.

అయినా హైదరాబాద్ సంగతి కొంత నయం. కాగితాలు తెలుగులోనో ఇంగ్లిషులోనో ఉంటాయి. మాట్లాడితే అర్థమవుతుంది. చుట్టాలు కనీసం నలుగురుంటారు. బస్సెక్కితే అయిదారు గంటల ప్రయాణం.

బెంగళూరు అలా కాదు. కన్నడ లిపి మనదానికి దగ్గరే కాబట్టి కూడబలుక్కుని చదివేయొచ్చు. అసలు చిక్కు అక్కడే ఉంది - చదవగలిగినంత మాత్రాన అర్థమైనట్టు కాదు. 'ఖాతా' అంటే మనకు బ్యాంకులో ఉండేది. అక్కడ ఖాతా అంటే ఆస్తి పన్ను కోసం కార్పొరేషన్ రాసుకునే లెక్క. అందులో 'ఎ' ఖాతా వేరు, 'బి' ఖాతా వేరు. అనుమతులు సరిగ్గా లేని ఆస్తుల్ని పన్ను వసూలు కోసం విడిగా రాసిపెట్టుకున్నది 'బి'. దాని మీద అప్పివ్వడానికి బ్యాంకులు వెనకాడతాయి. 2024 నుంచి ఈ-ఖాతా లేకుండా రిజిస్ట్రేషనే చెయ్యడం లేదు. సాగుభూమిని ఇళ్ల స్థలంగా మార్చడానికి అక్కడ డిప్యూటీ కమిషనర్ ఉత్తర్వు కావాలి. అది లేకుండా గీతలు గీసి అమ్మేసేవే 'రెవెన్యూ సైట్లు'. ఫొటోలో రెండింటికీ తేడా ఏమీ ఉండదు. అవే సున్నం గీతలు, అదే ఆర్చి.

కొలతలు కూడా మారిపోతాయి. మనకు గజాలు. బెంగళూరులో 'థర్టీ ఫార్టీ' అంటే 1,200 చదరపు అడుగులు, అంటే 133 గజాల పైచిలుకు. చెన్నైలో 'గ్రౌండ్' అంటారు. అది 2,400 అడుగులు, దాదాపు 267 గజాలు. మన నెల్లూరు వైపే అంకణాల లెక్క ఉంది కదా, ఒక్కో అంకణం 72 చదరపు అడుగులు! 'చాలా చవక' అని ఎవరైనా అంటే ముందు గజానికి ఎంత పడుతుందో లెక్క కట్టుకోవాలి. సగం చవకతనం అక్కడే ఆవిరైపోతుంది.

రిజిస్ట్రేషన్ ఖర్చు మాత్రం జనం అనుకున్నంత తేడా ఏమీ కాదు. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో అన్నీ కలిపి 7.5 శాతం. కర్ణాటకలో 2025 ఆగస్టు 31 నుంచి రిజిస్ట్రేషన్ ఫీజును 1 నుంచి 2 శాతం చేశాక అదీ ఇంచుమించు అంతే. తమిళనాడులో స్టాంపు డ్యూటీ 7, ఫీజు 2 కలిపి 9 శాతం. 50 లక్షల ఆస్తికి 7.5 శాతమంటే 3.75 లక్షలు. బ్యాంకులు అప్పు లెక్కగట్టేటప్పుడు దీన్ని ఆస్తి ధరలో కలపవు. చేతి డబ్బులోంచే తియ్యాలి.

ఇక వ్యవసాయ భూమి కొందామనుకుంటే ఏ రాష్ట్రం చట్టం ఆ రాష్ట్రానిదే. కర్ణాటకలో రైతు కానివాళ్లు సాగుభూమి కొనకూడదన్న నిబంధన 2020 దాకా ఉండేది. మహారాష్ట్రలో ఇప్పటికీ ఉంది. అంత దూరమెందుకు, మన అరకు, పాడేరు మన్యంలో 1970 నాటి ఒకటో నంబరు రెగ్యులేషన్ - జనం నోట్లో నానిన '1 ఆఫ్ 70' - ప్రకారం గిరిజనేతరులకు భూమి రిజిస్ట్రేషనే కాదు. అక్కడి చల్లదనం చూసి 'ఓ సెంటు కొనేద్దాం' అనుకునేవాళ్లు ఏటా తయారవుతూనే ఉంటారు. అమ్ముతామనేవాళ్లు కూడా!

గోడ లేచేదాకా తెలీదు

పెద్దాయన అడిగిన ప్రశ్నకే వద్దాం. ఖాళీ స్థలానికి వచ్చే ఇబ్బందులన్నీ నిదానంగా వస్తాయి. ముందు ఎవరో ఇసుక పోస్తారు. తర్వాత గేదెల్ని కడతారు. ఆ తర్వాత రేకుల షెడ్డు. ఓ రోజు కరెంటు మీటరు. ఊళ్లో ఉన్నవాడైతే ఇసుక పోసిన వారానికే వెళ్లి 'ఎవరిదయ్యా ఇది?' అని అడుగుతాడు. ఆరొందల కిలోమీటర్ల అవతల ఉన్నవాడికి మీటరు బిగించాక కూడా తెలీదు. 1963 లిమిటేషన్ చట్టం ప్రకారం ప్రైవేటు ఆస్తిని ఇంకొకరు తమదేనంటూ బాహాటంగా 12 ఏళ్లు అనుభవిస్తే, అసలు యజమాని దావా వేసే హక్కే పోయే ప్రమాదం ఉంది. పన్నెండేళ్లు చాలా ఎక్కువనిపిస్తుంది. పిల్లాడు ఒకటో తరగతి నుంచి ఇంటరు ముగించేంత కాలం. దూరపు స్థలాన్ని మరచిపోవడానికి అది చాలు.

సరే, గొడవ వచ్చింది. కేసు వెయ్యాలి. ఎక్కడ? స్థిరాస్తి దావా ఆ ఆస్తి ఉన్న ప్రాంతపు కోర్టులోనే వెయ్యాలని సివిల్ ప్రొసీజర్ కోడ్ 16వ సెక్షన్ చెబుతోంది. అంటే అక్కడి లాయరు, అక్కడి వాయిదాలు. వాయిదా వాయిదాకీ ఓ రాత్రి రైలు, రెండు రోజుల సెలవు. ప్రైవేటు కాలేజీ లెక్చరరుకి ఏడాదికి ఎన్ని సెలవులుంటాయో వేరే చెప్పాలా? బిల్డరు మీద రెరాకి ఫిర్యాదు చెయ్యాలన్నా అంతే. ప్రాజెక్టు ఉన్న రాష్ట్రం రెరాకే వెళ్లాలి.

ఇలాంటి ఇబ్బందులు తప్పించుకోవడానికి చాలామంది అక్కడున్న బంధువుకో, మధ్యవర్తికో జీపీఏ రాసిచ్చేస్తారు. ఇది ఇంకో గొయ్యి. అమ్మే హక్కుతో సహా అన్నీ రాసిచ్చేస్తే తాళంచెవులతోపాటు ఇంటినీ అప్పగించినట్టే. తప్పనిసరైతే ఫలానా డాక్యుమెంటు రిజిస్ట్రేషన్ వరకు మాత్రమే అని పరిమితి పెట్టి స్పెషల్ పవరు ఇవ్వాలి. అలాగే జీపీఏ మీద 'కొనేస్తే' ఆస్తి మన సొంతం కాదని సుప్రీంకోర్టు 2011 అక్టోబరులో సూరజ్ ల్యాంప్ కేసులో స్పష్టంగా చెప్పింది. పదిహేనేళ్లు కావస్తున్నా శివారు లేఅవుట్లలో ఆ మాట వినిపించనట్టే ఉంటారు.

మరి దూరంగా అసలు కొనకూడదా? అదేం లేదు. కాకపోతే దూరంగా ఏం కొంటున్నామన్నదే ముఖ్యం. ఖాళీ స్థలానికి కాపలా నాలుగు రాళ్లు. ఫ్లాటుకి అలా కాదు. కింద వాచ్‌మన్, పక్కన పొరుగువాళ్లు, పైన అసోసియేషన్. మూడో అంతస్తులోని పడగ్గదిని ఎవరూ రెండడుగులు జరుపుకోలేరు! అద్దెకి మనుషులుంటారు కాబట్టి నల్లా కారుతున్నా మన చెవినపడుతుంది. కాబట్టి పక్క రాష్ట్రంలో కొంటే ఫ్లాటు, అదీ కట్టడం పూర్తయి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చింది. స్థలమైతే స్కూటరు మీద వెళ్లొచ్చేంత దూరంలో. మొదటిసారి కొనేవాళ్లకి ఈ మాత్రం కట్టుబాటు ఉంటే సగం ప్రమాదాలు దరిచేరవు.

కాకపోతే ఫ్లాటు లెక్క వేరు. 50 లక్షల ఫ్లాటుకి రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం బ్యాంకు 80 శాతం దాకా, అంటే 40 లక్షలు ఇవ్వొచ్చు. 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్లంటే నెలవాయిదా దాదాపు 34,700. అద్దె 14 వేలు వస్తుందనుకుందాం. మిగతా 20 వేల పైచిలుకు జీతంలోంచి పోవాలి - అద్దెకున్నవాళ్లు ఖాళీ చేసిన నెలల్లో మొత్తం పోవాలి. దీనికి సిద్ధపడి, ఆ ఊళ్లోనే తమ్ముడో అక్కో ఉంటే, రేపు పిల్లలు చదువుకో ఉద్యోగానికో వెళ్లేదీ అక్కడికే అయితే, హైదరాబాద్‌లో ఫ్లాటు మంచి పెట్టుబడే. ఉద్యోగం, ఇల్లు, పొదుపు అన్నీ ఒకే ఊళ్లో ఇరుక్కోకుండా ఉండటం కూడా లాభమే.

అయితే లెక్చరరుగారి సొరుగులో ఉన్నది ఆ రకం ఫ్లాటు కాదు. 'ప్రీలాంచ్'. మొత్తం డబ్బు ముందే కడితే సగం ధరకే ఇస్తారట. బ్రోషరు తిరగేసి మరగేసి చూసినా రెరా నంబరు లేదు. 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలోగానీ, ఎనిమిదికి మించిన ఫ్లాట్లతోగానీ కట్టే ప్రాజెక్టుకి రెరాలో నమోదు కాకుండా ప్రకటన ఇవ్వడమే తప్పని 2016 నాటి చట్టం చెబుతోంది. అగ్రిమెంటు రిజిస్టరు చెయ్యకుండా పది శాతానికి మించి తీసుకోకూడదనీ చెబుతోంది. ఇక్కడ నూటికి నూరు శాతం ముందే అడుగుతున్నారు. హైదరాబాద్‌లో ఇలా కట్టి, పునాది కూడా చూడని కుటుంబాలు కొల్లలు. వాళ్లలో ఊళ్లో ఉన్నవాళ్లూ ఉన్నారనుకోండి. కానీ వారానికోసారి సైటు దగ్గరికెళ్లి 'ఇంకా తవ్వలేదేం?' అని అడగగలిగినవాళ్లకీ, ఫోన్లో 'వచ్చే నెల మొదలవుతుంది సార్' అన్న మాటే విన్నవాళ్లకీ తేడా ఉంది. ఆ బ్రోషరు చెత్తబుట్టలోకి వెళ్లింది.

దగ్గరున్నదంతా మంచిదేం కాదు

సొంత ఊరు కదా అని కళ్లు మూసుకుంటే అదీ ముంచుతుంది. అక్షరాలా. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ పరిసరాల్లో ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. మునిగినవాళ్లలో ఎక్కువమంది ఇక్కడివాళ్లే. అది వాగు దారి అని పెద్దవాళ్లకి తెలుసు. అడిగినవాళ్లేరీ? హైదరాబాద్‌లో 2024లో హైడ్రా చెరువుల్లోని కట్టడాల్ని కూల్చడం మొదలుపెట్టాక ఎఫ్‌టీఎల్, బఫర్ జోన్ అన్న మాటలు ఇంటింటికీ వచ్చాయి. అంతకుముందు ఆ పక్క పల్లెల్లో ఎవర్ని కదిపినా 'అది శిఖం భూమి బాబూ' అని చెప్పేవాళ్లు.

అమరావతి సంగతి మరీ విచిత్రం. 2015 అక్టోబరులో శంకుస్థాపన అయ్యాక చుట్టుపక్కల స్థలాల కోసం ఎగబడ్డవాళ్లు ఎందరో. 2019 డిసెంబరులో మూడు రాజధానులన్న మాట రాగానే కొనేవాడు కనిపించకుండా పోయాడు. 2024లో ప్రభుత్వం మారి, 2025 మే 2న పనులు మళ్లీ మొదలయ్యాక పరిస్థితి మళ్లీ తిరిగింది. పిల్ల పెళ్లికి అమ్మక తప్పనివాళ్లు ఆ నాలుగున్నరేళ్ల మధ్యలో అమ్ముకున్నారు. స్థలం పక్కనే ఉన్నా వాళ్లకి ఒరిగిందేమీ లేదు. ఎప్పుడు డబ్బు కావాలో తెలిసినవాళ్లు, ఒక్క ప్రకటన మీద ఆధారపడిన చోట పెట్టుబడంతా పెట్టకూడదు - అది ఇంటి వెనక వీధైనా సరే.

దగ్గరుండటం వల్ల కలిగే లాభం మనంతట మనకి రాదు. వెళ్లి వాడుకుంటేనే వస్తుంది. లెక్చరరుగారి కుటుంబం కంకిపాడు స్థలం విషయంలో ఆ పనే చేసింది. 1983 నుంచీ ఈసీ ఆన్‌లైన్‌లోనే దొరుకుతుంది, తీశారు. లింకు డాక్యుమెంట్ల కోసం అమ్మేవాళ్ల వెంటపడ్డారు. రిజిస్ట్రేషన్ నిషేధిత జాబితాలో - 22ఎ అంటారే, అందులో - ఆ సర్వే నంబరు లేదని చూసుకున్నారు. లేఅవుట్‌కి సీఆర్‌డీఏ అనుమతి నంబరు అడిగి సరిపోల్చుకున్నారు. అమ్మేవాళ్లు చెప్పిన లాయరు దగ్గరికి కాకుండా తమకి తెలిసినాయన దగ్గరికెళ్లారు. డబ్బు చేతిలో ఉన్నా కొంచెం బ్యాంకు అప్పుకి దరఖాస్తు పెట్టారు. ఎందుకంటే బ్యాంకు లాయరు కూడా ఓసారి కాగితాలు తిరగేస్తాడని. బ్యాంకు ఒప్పుకున్నంత మాత్రాన అంతా పదిలమని కాదుగానీ, ఇంకో జత కళ్లు పడితే నష్టమేముంది?

అసలు పని చేసింది మాత్రం పెద్దాయనే. వానాకాలంలో రెండుసార్లు, ఓ ఎండాకాలం సాయంత్రం ఒకసారి స్కూటరు మీద వెళ్లొచ్చారు. టీ బడ్డీ దగ్గర కూర్చుని పక్క పొలం రైతుతో మాట్లాడారు. కాలవ ఏ పక్క పొంగుతుంది, లేఅవుట్ రోడ్డు మీద ఎవరికైనా పేచీ ఉందా, అమ్మేవాళ్ల అన్నదమ్ములు ఎంతమంది, అందరూ సంతకాలు పెట్టారా... అన్నీ అక్కడే తేలాయి. మూడో అన్నగారి కూతురి సంతకం లేదని కూడా అక్కడే తెలిసింది. ఆ అమ్మాయి వచ్చి సంతకం పెట్టేదాకా నాలుగు నెలలు ఆగారు. 'నెలాఖరు దాకానే' అన్న రేటు నాలుగు నెలల తర్వాతా అదే ఉంది!

బావమరిది కాస్త నొచ్చుకున్నాడు. ఆయన మాత్రం బెంగళూరు సైటు తీసుకున్నాడు. అదీ తొందరపడకుండా, కన్వర్షన్ ఉత్తర్వు, ఈ-ఖాతా ఉన్న ఇంకో లేఅవుట్‌లో. ధర బాగానే పెరిగిందట. పెరగదా మరి! ఆయన ఉండేది అక్కడే. ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు దారిలోనే పడుతుంది. ఆయనకి అది సొంత ఊరి స్థలమే.

కంకిపాడు స్థలం రిజిస్ట్రేషనయిన ఏడాదికి, ఓ ఆదివారం పెద్దాయన మామూలుగానే అటు వెళ్లారు. పక్క ప్లాటువాళ్లు ప్రహరీకి పునాది తవ్వుతున్నారు. తాడు పట్టుకుని చూస్తే అడుగున్నర ఇవతలికి వచ్చింది. నాలుగో హద్దురాయి మట్టికుప్ప కింద ఉంది. ఫోన్ చేసి కొడుకుని పిలిచారు. సోమవారం సర్వేయరు వచ్చి కొలిచాడు. పక్క ప్లాటాయన 'మేస్త్రీ పొరపాటండీ' అని పునాది పూడ్పించి అవతలికి జరిపించుకున్నాడు. అప్పటికి ఇంకా సిమెంటు కలపలేదు.